ఇచ్చినవాడూ, ఇవ్వనన్నవాడూ

2014 సోచీ వింటర్ ఒలింపిక్స్‌లో పురుషుల 1000 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ గురించి ఎవరు చెప్పినా ఒకే మాటతో ముగిస్తారు: త్యాగం. కెనడా కుర్రాడు గిల్మోర్ జూనియో తన చోటు తోటి ఆటగాడు డెన్నీ మోరిసన్‌కి ఇచ్చేశాడు, మోరిసన్ రజతం తెచ్చాడు, త్యాగమంటే అదీ అంటారు. జూనియో చేసింది గొప్ప పనే, అందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మాటతోనే. ఆ మాట వాడేసరికి అతను చేసిన పనిలో అసలు విలువెక్కడుందో కనబడకుండా పోతుంది. పైగా ఆ కథ మిగతావాళ్లని మొట్టికాయలు వెయ్యడానికి పనికొస్తుంది. ఈ రెండూ జరక్కూడదని నా అభిప్రాయం.

మనలో చాలామందికి మంచు అంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే గనక ముందు ఆట సంగతి రెండు ముక్కలు. స్పీడ్ స్కేటింగ్ ట్రాక్ చుట్టూ ఒకసారి తిరిగితే 400 మీటర్లు. ఒక్కోసారి ఇద్దరే దిగుతారు, ఒకరు లోపలి లేన్‌లో, ఇంకొకరు బయటి లేన్‌లో. లోపలి వంపు పొట్టి, బయటి వంపు పొడుగు. అందుకని ఎవరికీ అన్యాయం జరక్కుండా చుట్టుకోసారి లేన్లు మార్చుకుంటారు. పక్కవాణ్ని ఓడించినంత మాత్రాన పతకం రాదు. జంటలన్నీ అయ్యాక అందరి టైములూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అంటే అసలు పోటీ గడియారంతోనే.

1000 మీటర్లంటే రెండున్నర చుట్లు. 500 మీటర్లు ఒక్క ఊపులో అయిపోయే పరుగు, 5000, 10000 మీటర్లు ఓపిక పరుగులు. ఈ రెంటికీ మధ్యన 1000, 1500 ఉన్నాయి. ఈ మధ్య దూరాలతోనే చిక్కు. 500 మీటర్లలో ఆరితేరినవాడు మొదటి 600 మీటర్లు బాణంలా దూసుకుపోతాడు, ఆఖరి చుట్టులో కాళ్లు మొరాయిస్తాయి. 1500కి అలవాటుపడ్డవాడు చివరిదాకా నిలబడతాడు గానీ మొదట్లో వెనకబడతాడు. రెండు రకాలవాళ్లూ ఒకరి బలానికి ఇంకొకరు భయపడే దూరం 1000 మీటర్లు.

జూనియో మొదటి రకం. అప్పుడతనికి 23 ఏళ్లు, అదే మొదటి ఒలింపిక్స్. మోరిసన్ రెండో రకం, వయసు 28. 1500 మీటర్లలో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2006 టొరినోలో జట్టుతో కలిసి రజతం, 2010 వాంకూవర్‌లో జట్టుతోనే స్వర్ణం గెలిచాడు. ఒంటరిగా పరిగెత్తి గెలిచిన ఒలింపిక్ పతకం మాత్రం అప్పటిదాకా ఒక్కటీ లేదు. కాల్గరీలో జరిగిన కెనడా సెలెక్షన్ ట్రయల్స్‌లో 1000 మీటర్లప్పుడు అతను జారి పడిపోయాడు. పడ్డవాడికి మంచి టైము రాదు, మంచి టైము రానివాడికి చోటు లేదు. అప్పట్లో ఒక దేశం నుంచి ఆ పోటీకి ఎక్కువలో ఎక్కువ నలుగురికే అవకాశం ఉండేది. జూనియోకి చోటు దొరికింది, మోరిసన్ రిజర్వుగా మిగిలాడు. 1500కి మాత్రం ఎంపికయ్యాడు కాబట్టి సోచీకైతే వెళ్లాడు.

ఫిబ్రవరి 10న 500 మీటర్ల పోటీ జరిగింది. జూనియో తన సొంత దూరంలో పరిగెత్తి పదో స్థానంలో నిలిచాడు. ఆ తర్వాతే 1000 మీటర్లలో తన చోటు మోరిసన్ తీసుకోవచ్చన్నాడు. ఫిబ్రవరి 12న అడ్లర్ అరీనాలో మోరిసన్ దిగాడు. నెదర్లాండ్స్‌కి చెందిన స్టెఫన్ గ్రోతౌస్ 1 నిమిషం 8.39 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. మోరిసన్‌ది 1 నిమిషం 8.43. తేడా సెకనులో నూరింట నాలుగు వంతులు. ఆ వేగంలో లెక్కేస్తే దాదాపు రెండడుగులు. గంటకి 50 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కిలోమీటరు దూరం వెళ్లి, రెండడుగుల్లో స్వర్ణం పోగొట్టుకుని, ఉండనే ఉండదనుకున్న రజతం చేజిక్కించుకున్నాడన్నమాట. మూడు రోజుల తర్వాత 1500 మీటర్లలో కాంస్యం కూడా తెచ్చుకున్నాడు.

కథ ఇంతే. ఇప్పుడు నా మాట.

మొదటి సంగతి: రజతం వచ్చింది కాబట్టి జూనియో చేసింది మంచిపని అనడం తప్పు లెక్క. మోరిసన్ ఆ రోజు మళ్లీ జారిపడి ఉంటే? ఇరవయ్యో వాడిగా మిగిలి ఉంటే? అప్పుడు ఈ కథ ఎవరికీ గుర్తుండేది కాదు, ఒకవేళ గుర్తున్నా 'అనవసరంగా చోటు పాడుచేసుకున్నాడు' అనేవాళ్లు. కానీ జూనియో నిర్ణయం తీసుకున్నది పోటీకి ముందు. అప్పటికి అతని చేతిలో ఉన్నవి రెండే: తను ఏ దూరానికి పనికొస్తాడో తనకున్న అంచనా, మోరిసన్ ఆ రోజుల్లో ఎంత బాగా స్కేట్ చేస్తున్నాడో కళ్లారా చూసిన చూపు. ఆ రెంటితో ఆలోచిస్తే ఆ నిర్ణయం సరైందే. మర్నాడు ఏమైనా కానీ, నిన్నటి నిర్ణయం సరైందే. పని మంచిచెడ్డలు ఫలితాన్ని బట్టి తేల్చే అలవాటు మనకి పరీక్షల దగ్గర్నుంచీ ఉంది. అది ఇక్కడ కూడా మోసం చేస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇదే మార్పుని జూనియో కాకుండా కోచ్‌లో, సంఘం పెద్దలో చేశారనుకుందాం. 'నువ్వు 500 వాడివి, నీకు 1000లో ఎలాగూ పతకం రాదు, మోరిసన్‌కి వదిలెయ్' అని పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారనుకుందాం. పరిగెత్తేవాడు అదే మోరిసన్, టైము అదే 1 నిమిషం 8.43, పతకం అదే రజతం. కెనడా ఖాతాలో తేడా ఏమీ లేదు. కానీ అప్పుడది అన్యాయం. ఎందుకంటే ట్రయల్స్ పెట్టేదే పేరునీ పరపతినీ పక్కనపెట్టి, ఆ రోజు గడియారం చెప్పిన మాట వినడానికి. ట్రయల్స్‌లో చోటు తెచ్చుకున్నవాడి చోటు ఇంకొకళ్లు తీసి దానం చేస్తే, అది అచ్చం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. ఫలితం ఒకటే అయినా ఒకటి దానం, ఇంకోటి దోపిడీ. మధ్యలో ఉన్న తేడా ఒక్కటే: ఇవ్వాలా వద్దా అన్నది ఎవరు తేల్చారు?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న రావచ్చు. అలా చోటు చేతులు మారుతుంటే ట్రయల్స్‌లో కష్టపడ్డ మిగతావాళ్ల గతేంటి? జూనియో తన చోటు తనకిష్టమైన స్నేహితుడికి ఇచ్చేస్తే, మధ్యలో వరసలో ఉన్నవాడు నోట్లో వేలేసుకోవాలా? ఇది ఆలోచించాల్సిందే. అయితే మోరిసన్ వరస తప్పించి వచ్చినవాడు కాదు, ఆ పోటీకి రిజర్వుగా ముందే పేరున్నవాడు. జూనియో ఒకవేళ జ్వరంతో మంచమెక్కినా ఆ చోటు అతనికే వచ్చేది. మూడోవాడి సొమ్ము ఇందులో పైసా లేదు. తనది కానిది ఏదీ జూనియో ఇవ్వలేదు. నియమం నియమంగానే ఉంది, దాని లోపల ఒక మనిషి తన భాగం వదులుకున్నాడు. అందుకే నాకు ఈ పని అంత శుభ్రంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఎనిమిదేళ్లు వెనక్కి, 2006కి వెళ్దాం. టొరినో వింటర్ ఒలింపిక్స్, అదే 1000 మీటర్లు. అమెరికా జట్టులో షికాగో కుర్రాడు షానీ డేవిస్ ఉన్నాడు. ఆ ఏడే కొత్తగా ముగ్గురేసి కలిసి పరిగెత్తే టీమ్ పర్స్యూట్ పోటీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. డేవిస్ దిగితే జట్టు బలపడుతుందని అందరికీ తెలుసు. జట్టులో ఇంకో మేటి ఆటగాడు చాడ్ హెడ్రిక్‌కి అదొక పెద్ద ఆశ కూడా. 1980లో ఎరిక్ హైడెన్ ఒక్కడే అయిదు స్వర్ణాలు గెలిచాడు, తనూ అయిదు గెలవాలని హెడ్రిక్ కోరిక. మొదటి స్వర్ణం 5000 మీటర్లలో వచ్చేసింది. ఆ అయిదింటిలో ఒకటి టీమ్ పర్స్యూట్‌లో రావాలి. కానీ డేవిస్ దిగనన్నాడు. తన 1000 మీటర్ల కోసం కాళ్లని దాచుకోవాలన్నాడు. అమెరికా జట్టు క్వార్టర్‌ఫైనల్లోనే ఇటలీ చేతిలో ఓడిపోయింది. హెడ్రిక్ బాహాటంగానే డేవిస్‌ని తప్పుపట్టాడు. పత్రికలూ అందుకున్నాయి. స్వార్థపరుడు, జట్టు మనిషి కాదు అన్నారు.

ఫిబ్రవరి 18న డేవిస్ తన 1000 మీటర్లు పరిగెత్తాడు. 1 నిమిషం 8.89 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. వింటర్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పోటీలో స్వర్ణం గెలిచిన తొలి నల్లజాతి క్రీడాకారుడతను. నాలుగేళ్ల తర్వాత వాంకూవర్‌లోనూ అదే పోటీలో మళ్లీ గెలిచాడు. సోచీలో మోరిసన్ రజతం తెచ్చుకున్న పోటీలో అతనూ ఉన్నాడు, మూడోసారి స్వర్ణం కోసం వచ్చి ఎనిమిదో స్థానంతో వెనుదిరిగాడు. అంటే ఒకే దూరం, ఎనిమిదేళ్ల తేడా, రెండు కథలు. ఇచ్చినవాడు దేవుడయ్యాడు, ఇవ్వనన్నవాడు దోషి అయ్యాడు.

ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, జూనియోని చూపించి డేవిస్‌ని తిట్టడం చాలా తేలిక. నా మాట దానికి పూర్తిగా తలకిందులు. జూనియో గొప్పవాడు కావాలంటే డేవిస్ తప్పు చెయ్యనివాడై ఉండాలి. ఎందుకంటే ఇవ్వనని చెప్పే హక్కు లేనిచోట ఇవ్వడానికి విలువ లేదు. డేవిస్ 'కాదు' అనడం నేరమైతే, జూనియో 'సరే' అనడం దానం కాదు, కప్పం. కప్పం కట్టినవాణ్ని ఎవరూ ఉదారుడనరు.

'జట్టు ముఖ్యం కదా, దేశం ముఖ్యం కదా' అని మీలో కొందరు అంటారని తెలుసు. ముఖ్యమే. జట్టు కోసం ఒప్పుకుని, ఆఖరి నిమిషంలో చెయ్యిచ్చి పోతే అది తప్పే, అక్కడ నేనూ తిడతాను. కానీ డేవిస్ ఒప్పుకుని ఎగ్గొట్టినవాడు కాదు, మొదట్నుంచీ తన దారి 1000 మీటర్లే అన్నవాడు. ఇంకో చిన్న సంగతి గమనించండి. డేవిస్‌ని జట్టు కోసం ఆడమన్న హెడ్రిక్‌కి ఆ జట్టు గెలుపులో తన అయిదు స్వర్ణాల లెక్క కూడా ఉంది. అది తప్పని నేననను, ఆటగాడికి ఆశ ఉండాలి. కాకపోతే 'జట్టు కోసం' అని ఎవరైనా అడిగినప్పుడు ఆ జట్టులో అడిగేవాడి వాటా ఎంతో ఒకసారి చూసుకోవడం మంచిది. అందరి కోసం అని అడిగేది చాలాసార్లు ఒకరి కోసమే అయి ఉంటుంది.

'అందరూ డేవిస్‌లా ఉంటే జట్టేం కావాలి?' అన్నది ఇంకో ప్రశ్న. అందరూ అలా ఉండరు. జూనియోయే దానికి సాక్ష్యం. అతన్ని బలవంతపెట్టే పని లేకుండానే అతను ఇచ్చాడు. మనుషులు ఇవ్వరేమోనన్న భయంతో లాక్కునే ఏర్పాట్లు చేసుకుంటాం గానీ, వద్దనే వీలున్నప్పుడు కూడా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. టొరినో 1000 మీటర్లలోనే డేవిస్ పక్కన రజతం అందుకున్న జోయీ చీక్ సంగతి చూడండి. 500 మీటర్ల స్వర్ణానికీ, ఈ రజతానికీ కలిపి తనకి రావాల్సిన బహుమతి సొమ్ము 40,000 డాలర్లూ పిల్లల కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేశాడు. ఎవరూ అడగలేదు. అతని సొమ్ము, అతని ఇష్టం. ఒకే వేదిక మీద, ఒక మెట్టు తేడాలో, ఇవ్వనన్నవాడూ ఇచ్చినవాడూ నిలబడ్డారు. ఇద్దరూ తమది ఏదో తెలిసినవాళ్లే.

మంచు దేశాల మగవాళ్ల పోటీ గురించి మన గోడ మీద ఇంత ఎందుకు రాశానంటే, ఈ తేడా మనకి తెలియాల్సినంతగా ఇంకెవరికీ తెలియక్కర్లేదు. 'సర్దుకుపో' అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు? ఇద్దరి ఫీజులూ కట్టే వీల్లేకపోతే సర్దుకోమనేది ఎవర్ని? వక్తృత్వ పోటీకి ఊరెళ్లాల్సిన రోజే ఇంటికి చుట్టాలొస్తే ఆగిపోయేది ఎవరు? ఆగిపోయాక, 'మా అమ్మాయి మంచిది, అడక్కుండానే వదిలేసింది' అని మెచ్చుకుంటారు కూడా. అడగలేదు నిజమే. అడగాల్సిన అవసరం రాకుండా పెంచారు. దాన్ని త్యాగం అంటే జూనియో చేసినదానికి ఇంకో పేరు వెతకాలి.

మనం తెలుగు చదివేవాళ్లం, మన కథల్లోనే దీనికి కొలబద్ద ఉంది. బలి చక్రవర్తి మూడడుగులు ఇచ్చాడు. వద్దని గురువు శుక్రాచార్యుడే చెప్పినా, కాదనే వీలున్నా, తన రాజ్యం గనక తనిష్టంతో ఇచ్చాడు. ఏకలవ్యుడి బొటనవేలు సంగతి వేరు. అక్కడ కూడా 'ఇచ్చాడు' అనే అంటాం. కానీ అడిగినవాడు గురువు, అడిగించిన కారణం ఇంకో శిష్యుడు ఎప్పటికీ ముందుండాలన్నది, కాదంటే శిష్యుడే కాకుండా పోతాడు. అది పైనుంచి చూస్తే దక్షిణ, లోపల చూస్తే పోటీలోంచి తప్పించడం. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచినంతకాలం ఏకలవ్యుల వేళ్లు పోతూనే ఉంటాయి.

అందుకే ఎవరైనా మీ చోటు అడిగినప్పుడు, లేదా మీకే ఇచ్చెయ్యాలనిపించినప్పుడు, మూడు ప్రశ్నలు వేసుకోమని నా సలహా. ఇది నిజంగా నాదేనా? కాదంటే నాకేమైనా శిక్ష ఉందా? ఇచ్చాక నేనిచ్చానన్న సంగతి ఎవరికైనా తెలుస్తుందా? మూడో ప్రశ్న కొంచెం చవకగా వినిపిస్తుందని నాకూ తెలుసు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలంటారు. కానీ అది తీసుకునేవాళ్ల పరువు కాపాడ్డానికి అన్న మాట, ఇచ్చేవాళ్ల పేరు చెరిపెయ్యడానికి కాదు. మోరిసన్ తన రజతం తర్వాత జూనియోకి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాడు. కెనడాలో ముగింపు ఉత్సవానికి జెండా జూనియో చేతికివ్వాలని జనం గొడవ చేశారు. చివరికి జెండా పట్టుకున్నది మహిళల బాబ్‌స్లేలో స్వర్ణం గెలిచిన కైలీ హంఫ్రీస్, హెదర్ మాయ్స్. ఆ జెండా వాళ్లు గెలుచుకున్నదే, జూనియో కోసం వాళ్లని సర్దుకోమనలేదు. అదీ బాగుంది. జూనియోకి మాత్రం జనం చందాలు వేసుకుని ఒక పతకం చేయించి ఇచ్చారు. ఇచ్చినవాడి పేరు లెక్కలో నిలిచింది.

తీసుకునేవాళ్ల గురించీ ఒక మాట. రేపు మనం ఒక నాటకానికి పాత్రలు ఎంచుకుంటాం, సెమినార్‌కి పేర్లు పంపుతాం, త్రోబాల్ జట్టు కడతాం. ఎప్పుడూ నవ్వుతూ తప్పుకునే అమ్మాయి ప్రతి క్లాసులోనూ ఒకతె ఉంటుంది. 'దానికేం పట్టింపు లేదులే' అని మనమే అనేస్తాం. ఆమె తప్పుకునే ముందు చోటు ఆమెదేనని నలుగురిలో చెప్పి, పేరు రాసి, ఆ తర్వాత ఆమెని అడగండి. అప్పుడు ఆమె ఇస్తే కృతజ్ఞతలు చెప్పి తీసుకోండి. ఇవ్వనంటే మొహం మాడ్చుకోకుండా చప్పట్లు కొట్టండి. సోచీ కథని మెచ్చుకునే హక్కు టొరినో కథని భరించగలిగినవాళ్లకే ఉంది.